అమెరికాలో ఎన్నికలు, ఇక్కడ మనకు టెన్షన్: పిల్లలు అక్కడున్న అమ్మానాన్నలకు ఒక టీచరమ్మ చెప్పే జాగ్రత్తలు

2025 సెప్టెంబర్ 20, శనివారం. పొద్దున్న ఏడింటికి మా అబ్బాయిని కారెక్కించి తణుకు నుంచి శంషాబాద్ బయల్దేరాం. వాళ్ళ నాన్న ఆబ్దికానికి డల్లాస్ నుంచి వచ్చాడు. గురువారమే ఆ కార్యక్రమం అయింది. ఇంకో రెండు వారాలుండి దసరా చూసుకుని వెళ్ళాల్సినవాడు. తెల్లవారుజామున ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. హెచ్-1బి, అంటే అక్కడ ఉద్యోగం చేసుకునే వీసా, మీద ఉన్నవాళ్ళు ఎవరైనా దేశం బయట ఉంటే ఆదివారం 12:01 లోపల వచ్చెయ్యమని. ట్రంప్ ఆ వీసాకు లక్ష డాలర్ల ఫీజు పెడుతూ సంతకం చేశారట. లక్ష డాలర్లంటే అప్పటి లెక్కలో 88 లక్షల రూపాయలు. మా వీధి చివరి ట్రావెల్స్ అతన్ని నిద్ర లేపితే, రాత్రి తొమ్మిదిన్నర విమానానికి ఒక్క సీటుంది, లక్షా ఎనభై ఐదు వేలు అన్నాడు. కట్టేశాం.

సూర్యాపేటలో టీకి ఆగాం. అప్పటికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. మావాడు టీ పట్టుకోకుండా ఫోన్లో ఆ మెయిల్ మళ్ళీ చదువుతున్నాడు. ఉన్నట్టుండి హోటల్ బిల్లు వెనక పెన్నుతో ఏదో వెయ్యడం మొదలుపెట్టాడు. "అమ్మా, ఆదివారం 12:01 అంటే ఆదివారం రాత్రి కాదు. శనివారం రాత్రి పన్నెండు దాటిన మరు నిమిషం. వాళ్ళ టైమ్‌లో అది మనకు రేపు పొద్దున్న తొమ్మిదిన్నర" అన్నాడు. ఇక్కడ ఎక్కేది రాత్రి తొమ్మిదిన్నరకి. పన్నెండు గంటల్లో డల్లాస్ చేరే విమానం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. వాడు ఏ సముద్రం మీదో ఉండగానే గడువు అయిపోతుంది. డ్రైవర్ మా ఇద్దరి మొహాలూ చూసి, "వెనక్కి తిప్పమంటారా టీచరుగారూ?" అన్నాడు. తిప్పమన్నాను.

ఆ రాత్రి మేం నిద్రపోయాక వైట్ హౌస్ నుంచి వివరణ వచ్చింది. ఫీజు కొత్త దరఖాస్తులకే, ఒక్కసారే, ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళు వెళ్ళి రావడానికి అడ్డేం లేదు అని. ముందు రోజు సంతకం దగ్గర వాళ్ళ వాణిజ్య మంత్రి ఏటా కట్టాలన్నట్టు మాట్లాడాడు. మర్నాటికి ఏటా కాదయ్యింది. టికెట్ డబ్బుల్లో మాకు తిరిగొచ్చింది అరవై వేలు.

నేను ముప్పై రెండేళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పాను. పౌరశాస్త్రం పాఠంలో బిల్లు వేరు, చట్టం వేరు అని పిల్లలకు బోర్డు మీద రాసి మరీ చెప్పినదాన్ని. ఆ తెల్లవారుజామున నాకే అది గుర్తుకు రాలేదు. మీరు అలా చెయ్యకూడదని ఇది రాస్తున్నాను. అక్కడ ఎవరు గెలవాలో చెప్పడం నా పని కాదు, మనకు ఓటు లేదు. గెలిచాక మనింట్లో ఏం చెయ్యాలన్నదే ఇక్కడి విషయం.

ఫ్రిజ్ మీద అట్టముక్క

ఇంటికొచ్చాక ఒక అట్టముక్క మీద నాలుగు ప్రశ్నలు రాసి ఫ్రిజ్‌కి అంటించాను. అన్నారా? సంతకం పెట్టారా? అమల్లోకి వచ్చిందా? మనవాళ్ళకు వర్తిస్తుందా? టీవీలో ఏ వార్త వచ్చినా ఈ నాలుగూ వరసగా అడగాలి. నాలుగోదానికి "అవును" అని జవాబు వచ్చేదాకా టికెట్ కొనకూడదు, పొలం అమ్మకూడదు, ఆడపడుచుకి ఫోన్ చెయ్యకూడదు.

తేలిగ్గా కనిపిస్తుంది గానీ ఒకటీ రెండూ మధ్య ఎంత దూరమో చెప్తాను. 2025 మే నెలలో అమెరికా నుంచి ఇండియాకు పంపే డబ్బు మీద 5 శాతం పన్ను అన్నారు. మా కాలనీలో ఒకాయన ఇల్లు కడుతున్నాడు, కొడుకు పంపాల్సిన డబ్బంతా ఆ నెలలోనే తెప్పించేసుకున్నాడు. ఆ అబ్బాయి అక్కడ క్రెడిట్ కార్డు మీద అప్పు తెచ్చి మరీ పంపాడు. ప్రతినిధుల సభ దాటేసరికి ఆ 5 కాస్తా 3.5 అయింది. సెనేట్‌లో 1 శాతానికి దిగింది, అది కూడా నగదు, మనీ ఆర్డర్ లాంటి వాటితో పంపితేనే. బ్యాంకు ఖాతాలోంచి గానీ అక్కడి డెబిట్ కార్డుతో గానీ పంపితే పన్ను లేదు. జూలై 4న సంతకం అయింది, వసూలు మొదలైంది 2026 జనవరి నుంచి. మన పిల్లల్లో నోట్ల కట్టలు పట్టుకెళ్ళి పంపేవాళ్ళు ఎంతమంది? ఆ ఇంటాయనకు కొడుకు కట్టిన వడ్డీ మాత్రం మిగిలింది.

రెండుకీ మూడుకీ మధ్య ఉండేది కోర్టు. 2025 జనవరి 20న ప్రమాణ స్వీకారం రోజే, తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళకు అక్కడ పుట్టే పిల్లలకు పుట్టుకతో పౌరసత్వం ఉండదని ఉత్తర్వు ఇచ్చారు. 30 రోజుల తర్వాత పుట్టేవాళ్ళకు వర్తిస్తుందన్నారు. నాతో పనిచేసిన హిందీ టీచరు కోడలికి అప్పుడు ఏడో నెల వెళ్ళి ఎనిమిదో నెల వచ్చింది. ఆవిడ ఏడుస్తూ ఫోన్ చేసింది. ఫిబ్రవరి 20 లోపల ఆపరేషన్ చేసి తియ్యించేద్దామా, పంతులుగారు ముహూర్తం కూడా చూశారు అని. నెలలు నిండని బిడ్డని కాయితం కోసం బయటికి తీస్తారా అని కాస్త గట్టిగానే అన్నాను. జనవరి 23న, అంటే మూడో రోజే, సియాటెల్‌లో జాన్ కఫెనార్ అనే జడ్జి ఆ ఉత్తర్వును ఆపేశారు. అమెరికా రాజ్యాంగానికి 1868లో వచ్చిన 14వ సవరణలో ఈ పౌరసత్వం మాట ఉంది, 1898లో అక్కడి సుప్రీంకోర్టు ఒక చైనా దంపతుల బిడ్డ కేసులో దాన్ని ఖాయం చేసింది. అధ్యక్షుడి సంతకం ఒక్కదానితో అది చెరిగిపోతుందా లేదా అన్నది కోర్టులు తేల్చాల్సిన మాట. ఆ తర్వాత 2025 అంతా కేసు కింది కోర్టుకీ పై కోర్టుకీ తిరిగింది. బిడ్డ మాత్రం మార్చిలో నెలలు నిండాక పుట్టాడు, మూడు కిలోల రెండు వందల గ్రాములు.

యూట్యూబ్ థంబ్‌నెయిల్ మీద "షాక్" అని ఉంటే అది ఒకటో ప్రశ్న దగ్గరే ఉందని లెక్క వేసుకోండి. వివరం కావాలంటే పిల్లల కంపెనీ లాయర్ రాసిన మెయిల్ ఒక్కటి అడిగి చదవండి. అర్థం కాకపోతే పిల్లల్నే చదివి చెప్పమనండి. మనకు చెప్పడం కోసం వాళ్ళు కూడా నెమ్మదిగా చదువుతారు. సూర్యాపేటలో జరిగింది అదే కదా.

రొయ్యలకు మాత్రం ఈ లెక్క సరిపోదు

మా తమ్ముడికి ఉండి అనే ఊరి దగ్గర ఎనిమిదెకరాల చెరువులున్నాయి. నా అట్టముక్క చూసి నవ్వాడు. "అక్కా, మీ వీసాలకు నాలుగు ప్రశ్నలు. మాకు ఒకటే. వాళ్ళు అనగానే ఇక్కడ కౌంటు ధర పడిపోద్ది."

నిజమే. 2025 ఏప్రిల్ 2న ట్రంప్ ఇండియా సరుకు మీద 26 శాతం సుంకం అని ప్రకటించారు. మన దేశం నుంచి వెళ్ళే రొయ్యలకు అమెరికాయే పెద్ద మార్కెట్, వాటిని ఎక్కువగా పండించేది మన ఆంధ్రే. ఆ సుంకాన్ని వారానికే 90 రోజులు వాయిదా వేశారు. కానీ ఈ లోపలే భీమవరం చుట్టుపక్కల కొనేవాళ్ళు ధర తగ్గించేశారు. ముఖ్యమంత్రి చంద్రబాబు కేంద్రానికి లేఖ రాయాల్సి వచ్చింది. ఆగస్టు 7 నుంచి 25 శాతం, రష్యా చమురు కొంటున్నామని ఆగస్టు 27 నుంచి ఇంకో 25, మొత్తం 50 అయింది. ఉక్రెయిన్‌లో యుద్ధం, రష్యా చమురు, వాషింగ్టన్‌లో సంతకం. ఇవన్నీ కలిసి మా తమ్ముడి చెరువు గట్టు మీదికి వచ్చి కూర్చున్నాయి. పెన్సిల్వేనియాలో ఓటేసినవాడికి ఉండి ఎక్కడుందో తెలియదు.

ఏం చెయ్యాలి? నేను ఆక్వా రైతును కాను, మా తమ్ముడు చేసింది చెప్తాను. ఏప్రిల్‌లో భయపడి 100 కౌంటు మీదే, అంటే కిలోకి వంద తూగే చిన్న సైజులోనే, పట్టుబడి చేసేసి నష్టపోయాడు. ఆగస్టులో పట్టలేదు. చెరువులో పిల్ల వెయ్యడమే సగానికి తగ్గించాడు. మేత అప్పు కొత్తగా తీసుకోలేదు. ధర చెప్పినవాణ్ణి, "సుంకం ఈ సరుకుకు పడుతుందా, ముందే ఓడ ఎక్కినదానికి కూడా పడుతుందా?" అని అడిగాడట. జవాబు రాలేదు గానీ కిలోకి ఐదు రూపాయలు పెంచాడట. అడిగితే పోయేదేముంది!

ఓట్ల లెక్కింపు రోజు టీవీ ముందు

నవంబర్‌లో మొదటి సోమవారం తర్వాత వచ్చే మంగళవారం పోలింగ్. వచ్చే అధ్యక్ష ఎన్నిక 2028 నవంబర్ 7. అప్పటికి అక్కడ చలికాలపు టైమ్ వచ్చేస్తుంది, న్యూయార్క్ కన్నా మనం పదిన్నర గంటలు ముందు ఉంటాం. అంటే లెక్కింపు మొదలయ్యేది మనకు బుధవారం తెల్లవారుజామున. మంగళవారం రాత్రంతా మేలుకుని కూర్చోనక్కర్లేదు, శుభ్రంగా పడుకోండి.

మొత్తం ఓట్లు ఎవరికి ఎక్కువొచ్చాయో చూసి సంబరపడకండి. పిల్లలకు నేను ఇలా చెప్పేదాన్ని. ఒక జిల్లాలో ఒక పార్టీకి ఒక్క ఓటు ఎక్కువొచ్చినా ఆ జిల్లా సీట్లన్నీ ఆ పార్టీకే ఇచ్చేస్తే ఎలా ఉంటుందో అలా. రెండు చిన్న రాష్ట్రాలు తప్పించి అంతటా అదే పద్ధతి. ఆ సీట్లలాంటివాటిని అక్కడ ఎలక్టోరల్ ఓట్లు అంటారు. మొత్తం 538, గెలవడానికి 270. 2016లో హిల్లరీ క్లింటన్‌కు 28 లక్షల పైచిలుకు ఓట్లు ఎక్కువొచ్చాయి, గెలిచింది ట్రంప్. 2024లో ఆయనకు 312, కమలా హారిస్‌కు 226. మన టీవీలు దాన్ని సునామీ అన్నాయి. ఓట్ల శాతం చూస్తే ఇద్దరికీ మధ్య తేడా రెండు కూడా లేదు. చీలిపోయిన దేశం అంటే ఇదే. గెలిచినవాళ్ళకు కొండంత గెలుపుగా, ఓడినవాళ్ళకు గోరంత ఓటమిగా కనిపిస్తుంది.

ఫలితం ప్రకటించడానికి మన ఎన్నికల సంఘం లాంటిది అక్కడ లేదు. వార్తా సంస్థలే ముందు చెప్తాయి, తర్వాత రాష్ట్రాలు తీరిగ్గా ఖాయం చేస్తాయి. 2024లో మనకు బుధవారం సాయంత్రం నాలుగింటికి అసోసియేటెడ్ ప్రెస్ తేల్చేసింది. 2020లో మంగళవారం ఓట్లేస్తే శనివారానికి గానీ తేలలేదు. ఆ తర్వాత 2021 జనవరి 6న పార్లమెంటు భవనం మీద దాడి కూడా చూశాం. కాబట్టి పిల్లలున్న ఊరు వాషింగ్టన్ అయితే జనవరి 20 దాకా ఫోన్ దగ్గర పెట్టుకోండి. కాకపోతే అక్కర్లేదు.

2016 సంగతి తలచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది. నవంబర్ 8 రాత్రి ఎనిమిదింటికి మనకు నోట్ల రద్దు. మర్నాడు పొద్దున్న అమెరికా అంతా నోరెళ్ళబెట్టుకుని ట్రంప్ గెలుపు చూస్తుంటే, నేను బియ్యం డబ్బాలో దాచిన ఐదొందల నోట్లు లెక్కపెట్టుకుంటున్నాను. మా అమ్మాయి న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి ఫోన్ చేసి "అమ్మా, చూశావా?" అంటే, "చూశానే, ఇరవై మూడున్నాయి" అన్నాను.

ఒకే ఇంట్లో రెండు పార్టీలు

ఇది అన్నిటికన్నా కష్టం. మా అమ్మాయికి, అల్లుడుగారికి పౌరసత్వం వచ్చింది. 2024లో ఆవిడ హారిస్‌కు, ఆయన ట్రంప్‌కు ఓటేశారు. మాకు పక్క ఊరే వడ్లూరు, ఉపాధ్యక్షుడు వాన్స్ భార్య ఉష పూర్వీకుల ఊరు. గెలిచిన రోజు అక్కడ టపాకాయలు కాల్చారు, టీవీ కెమెరాలు గుడి దగ్గరికి వచ్చాయి. అదే రోజు తమిళనాడులో కమల తాతగారి ఊరు తులసేంద్రపురం బోసిపోయింది. నేను తెలివితక్కువగా వడ్లూరు వీడియో ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను, మన గోదావరి జిల్లా పిల్ల కదా అని. అల్లుడుగారు దండం బొమ్మ పెట్టారు. అమ్మాయి గ్రూపులోంచి వెళ్ళిపోయింది. పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు.

అప్పట్నుంచి నా పద్ధతి ఇది. ఫలితం వచ్చిన వారం గ్రూపులో ఏమీ పెట్టను, ఎవరు పెట్టినా బొటనవేలు బొమ్మ కూడా పెట్టను. ఫోన్ చేస్తే విడివిడిగా చేస్తాను, స్పీకర్ పెట్టనివ్వను. "ఎవరికేశావు?" అని అడగను. అక్కడ భార్యాభర్తలు కూడా అడుక్కోని ఇళ్ళున్నాయట. "ఆఫీసులో ఎలా ఉందే?" అని అడిగితే చాలు, కావలసిందంతా వాళ్ళే చెప్తారు. అల్లుడుగారు సుంకాలు మంచివే అత్తయ్యగారూ అని మొదలుపెడితే, మా తమ్ముడి నంబరు ఇస్తాను. రొయ్యల గురించి వాళ్ళిద్దరూ గంట మాట్లాడుకుంటారు, నాకు సీరియల్ పూర్తవుతుంది.

ఒక్క విషయంలో మాత్రం నా మీద నాకే కోపం. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఓలేత్‌లో హైదరాబాద్‌లో పెరిగిన ఒక ఇంజనీర్‌ను బార్‌లో కాల్చి చంపారు. మా దేశంలోంచి పొండి అని అరుస్తూ కాల్చాడట. అడ్డుపడబోయిన ఒక అమెరికా కుర్రాడు కూడా తూటా తిన్నాడు. ఆ రాత్రి అమ్మాయికి ఫోన్ చేసి, బయట తెలుగులో మాట్లాడకండి, బొట్టు పెట్టుకోకు అని చెప్పాను. తెలుగు బడిలో పని చేసినదాన్ని. అది కొన్నాళ్ళు పార్కులో పిల్లాడితో ఇంగ్లీషే మాట్లాడింది. వాడికి ఇప్పుడు పదకొండేళ్ళు. నాతో "హాయ్ అమ్మమ్మా" దాటి తెలుగు రాదు. మీకు భయం వేస్తే రాత్రిళ్ళు ఒంటరిగా తిరగొద్దని చెప్పండి, అక్కడి పోలీసు నంబరు 911 అని గుర్తు చెయ్యండి. భాష జోలికి వెళ్ళకండి.

పిల్లలకు మీరు చెప్పాల్సినవి రెండు

మొదటిది. వీసా మీదున్నవాళ్ళు గానీ, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు గానీ అధ్యక్ష ఎన్నికలో ఓటెయ్యకూడదు. చాలాచోట్ల డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులోనే, ఓటరుగా నమోదు చేయమంటారా అని అడుగుతారు. తొందరలో "అవును" అని టిక్కు పెట్టి సంతకం చేస్తే, పౌరుణ్ణని అబద్ధం చెప్పినట్టు లెక్క. దేశం నుంచి పంపించెయ్యడానికి అదొక్కటి చాలు. కొత్తగా వెళ్ళే పిల్లలకు ఆవకాయ కట్టేటప్పుడే ఈ మాట చెవిన వెయ్యండి. వీసా మీదున్నవాళ్ళు అభ్యర్థులకు చందా కూడా ఇవ్వకూడదు.

రెండోది మనకు సంబంధించింది. పెళ్ళికో ఆబ్దికానికో రమ్మనే ముందు, పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు ఎప్పటిదాకా ఉందో అడగండి. గడువు అయిపోయి ఉంటే నానక్‌రాంగూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ తప్పదు. 2025 డిసెంబర్‌లో సోషల్ మీడియా ఖాతాలు తనిఖీ చేస్తామంటూ ఆ ఇంటర్వ్యూలు నెలల తరబడి వాయిదా వేశారు. సెలవు మీద వచ్చినవాళ్ళు ఇక్కడే చిక్కుకుపోయారు. చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చెయ్యండి, నేనూ చేశాను, కానీ స్లాటు చూసుకున్నాక చెయ్యండి.

మావాడు దసరా అయ్యాక అక్టోబర్ 4న వెళ్ళాడు. ముందు రోజంతా కూర్చుని ఒక ఫైలు సర్దాం. హెచ్-1బి అప్రూవల్ నోటీసు, మూడు నెలల పే స్లిప్పులు, కంపెనీ ఉత్తరం, లాయర్ నంబరు, వైట్ హౌస్ వివరణ ప్రింటు తీయించి దాని మీద పసుపు స్కెచ్‌తో గీతలు. డల్లాస్‌లో దిగాక వాడు మెసేజ్ పెట్టేదాకా నేను సోఫాలోనే కూర్చున్నాను. ఇమిగ్రేషన్ ఆఫీసర్ అడిగింది ఒకటే ప్రశ్నట, ఎన్ని రోజులున్నావని. నాలుగు వేళ్ళు స్కానర్ మీద పెట్టించుకుని పంపించేశాడట. ఫైలు తెరవనే లేదు. ఇప్పటికీ అది వాడి బ్యాగు అడుగునే ఉంది, తియ్యొద్దన్నాను.